ఎడమ కింది ఆరో పన్ను

ఆదివారం పొద్దున ఆరున్నరకి పళ్ళ డాక్టరు తన ఆస్పత్రి తాళం తీసేటప్పటికి ఆయన పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి మొదలుపెట్టాలి. యాభైమందికి ఉచితంగా పళ్ళు చూడాలి. ఒంటిగంటకల్లా అందరినీ పంపించేయాలి. ఆ తర్వాత, ఆస్పత్రిలో పురుగు కూడా లేని సమయం చూసి, వెనక గుమ్మంలోంచి తన తమ్ముడు రావాలి. మొదటి మూడు సంగతులూ కరపత్రం వేసి మరీ ఊరంతా చాటాడు. చివరిది మాత్రం భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడేమీ సముద్రాల అవతల లేడు. రెండు వీధుల అవతల ఉన్నాడు. బస్సు డిపోలో టైమ్‌కీపరు. రెండు నిమిషాలు ముందు బయల్దేరిందని, సొంత మామగారు ఎక్కి కూర్చున్న బస్సుని విజిలేసి వెనక్కి పిలిచిన మనిషి. అలాంటివాడు ఎనిమిదేళ్ళుగా పాల ప్యాకెట్టుకి కూడా చుట్టుతిరిగి వెళ్తున్నాడు గాని అన్న ఆస్పత్రి ముందునుంచి వెళ్ళడం లేదు.

కారణం ఒక పన్ను. ఎనిమిదేళ్ళ కిందట తమ్ముడు దవడ పట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుని, "ఇదిగో, ఇదే" అని బుగ్గ మీద వేలు పెట్టి చూపించాడు. మరొకరైతే డాక్టరు ఎక్స్‌రే తీసి, పన్ను పన్నూ తట్టి చూసి, రెండుసార్లు అడిగి గాని పట్టుకారు ముట్టేవాడు కాదు. తమ్ముడు కదా, వాడి వేలే ఎక్స్‌రే అనుకున్నాడు. పీకిన పన్నుని దీపం కింద పెట్టి చూస్తే నిక్షేపంలా ఉంది. పుచ్చింది దాని పక్కది.

అక్కడైనా ఊరుకోవలసింది. "ఇది మంచిదేరా" అని పైకి అనేశాడు.

తమ్ముడికి సగం మొహం తిమ్మిరెక్కి ఉంది గాని చెవులు బాగానే పనిచేస్తున్నాయి. "మంచిదా? మరెందుకు పీకావు?" అన్నాడు.

"నువ్వేగా చూపించావు."

"డాక్టరువి నువ్వా, నేనా?"

పన్ను దగ్గర మొదలైన మాట చిన్నప్పుడు ఎవరి పలక ఎవరు పగలగొట్టారన్న దాకా వెళ్ళింది. చివరికి తమ్ముడు నోట్లో దూది కరుచుకునే "మళ్ళీ నీ గడప తొక్కను" అని వెళ్ళిపోయాడు. పుచ్చిన పన్ను నోట్లోనే ఉంది. దాన్ని ఎక్కడ పీకించుకున్నాడో, ఎప్పుడు పీకించుకున్నాడో అన్నకి తెలియదు. మంచి పన్ను మాత్రం డాక్టరు బల్ల సొరుగులో, చిన్న సీసాలో, తారీకు రాసిన చీటీతో ఉంది.

అంతకుముందు ప్రతి ఆదివారం పొద్దున, ఆస్పత్రి తెరవకముందు, అన్నదమ్ములిద్దరూ రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుని కాఫీ తాగేవాళ్ళు. డాక్టరు ఇప్పటికీ ఫ్లాస్కుతో పాటు రెండు గ్లాసులు తెచ్చుకుంటాడు. రెండోది ఎందుకని భార్య అడగదు. వాడకపోయినా కడిగి పెడుతుంది. ఈ ఎనిమిదేళ్ళలో తమ్ముడికి చెప్పాలనుకుని దాచుకున్న కబుర్లు ఆయన దగ్గర పేరుకుపోయి ఉన్నాయి. కొన్ని ఎందుకు దాచాడో కూడా మర్చిపోయాడు. ఒక్కసారి "అన్నయ్యా" అని పిలిపించుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోందని చెబితే, యాభై ఎనిమిదేళ్ళొచ్చి ఇదేం బేలతనం అని నలుగురూ నవ్వుతారు. అందుకని చెప్పలేదు. ఉచిత దంత వైద్య శిబిరం పెట్టాడు.

నేరుగా వెళ్ళి పిలవచ్చు కదా అంటారా? మూడుసార్లు బయల్దేరాడు. మూడుసార్లూ మలుపు దాకా వెళ్ళి, అక్కడున్న మందుల షాపులో అక్కర్లేని దగ్గుమందు కొనుక్కుని తిరిగొచ్చాడు. మూడు సీసాలూ మూత తీయకుండా అలాగే ఉన్నాయి.

నాలుగోసారి బుర్ర ఉపయోగించాడు. కరపత్రం అడుగున ఒక వాక్యం చేర్చాడు. "ఎనిమిదేళ్ళ కిందట ఈ ఆస్పత్రిలో ఎడమ కింది ఆరో పన్ను తీయించుకున్నవారిని డాక్టరుగారు స్వయంగా, ప్రత్యేకంగా చూస్తారు. వారు వరుసలో నిలబడనక్కర్లేదు." చదివితే ఊళ్ళో ఒక్కడికే గుండె గతుక్కుమనాలని ఆయన లెక్క. ఆ ఏడు తాను ఇంకా ఎంతమందికి ఆ పన్ను పీకాడో ఆయనకి గుర్తుకే రాలేదు. ఆయన మనసులో ఆ ఏడు పీకింది ఒక్క పన్నే.

ప్రెస్సాయన కూడా తన వంతు సాయం చేశాడు. ఆ వాక్యానికి చుట్టూ డబ్బా కట్టి, మిగతా అక్షరాలకి రెండింతలు చేసి అచ్చు వేశాడు. "ఈ ముక్క మీకు ముఖ్యమని రాసిన తీరులోనే తెలిసిపోయిందండీ" అన్నాడు. డాక్టరుకి చెవులు వేడెక్కాయి.

డాక్టరు భార్యకీ, తమ్ముడి భార్యకీ మాటలు ఏనాడూ ఆగలేదు. తోటికోడళ్ళిద్దరూ కూరగాయల బజారులో వారానికి రెండుసార్లు కలుస్తారు. అక్కడే కరపత్రం చేతులు మారింది, ఒంటిగంట తర్వాత వెనక గుమ్మంలోంచి రావాలన్న కబురుతో సహా. "ఇప్పుడు చూపిస్తే చించి పారేస్తారక్కా. కాస్త మంచి మూడ్‌లో ఉన్నప్పుడు పెడతాను" అని చిన్నావిడ దాన్ని తీసుకెళ్ళి బీరువాలో చీరల కింద దాచింది. ఆదివారమొచ్చినా ఆ మంచి మూడ్ రాలేదు.

ఏడున్నరకి చీటీల పిన్ని వచ్చింది. ఆస్పత్రి కౌంటరులో కూర్చుని వచ్చినవాళ్ళకి నంబరు చీటీలిచ్చే ఆవిడకి ఇరవై ఏళ్ళుగా అదే పేరు. సంచి కూడా దించకుండా, "డాక్టరుగారూ, ఆ ఏడు మీరు ఎంతమందికి ఆరో పన్ను పీకారు?" అంది.

"ఎందుకు పిన్నీ?"

"బయట నలభైమంది ఉన్నారు. యాభై చీటీలవాళ్ళు కాదు. వాళ్ళు వేరే. వీళ్ళు వరుసలో నిలబడనక్కర్లేనివాళ్ళు."

డాక్టరు కిటికీ తెర తొలగించి చూశాడు. రోడ్డుకి ఇటువైపు యాభైమంది వరుస, అటువైపు ఆరో పన్ను వాళ్ళ గుంపు. డాక్టరు పిలిచి మరీ చూస్తానన్నాడంటే ఊరికే ఉంటుందా అని జనం వారం రోజులుగా చిలవలు పలవలు అల్లారు. ఆ ఏడు పళ్ళు పీకినప్పుడు దవడలో ఏదో మర్చిపోయాడని సగంమంది. ఖాళీ జాగాలో కొత్త పన్ను ఉచితంగా కడతాడని మిగతా సగం. మొదటి సగం బుగ్గ నొక్కుకుంటూ వచ్చారు, రెండో సగం బాగా తోముకుని వచ్చారు.

గొడుగు పట్టుకున్న బట్టతలాయన అందరికంటే ముందు లోపలికి దూరి, "నిజం చెప్పండి డాక్టరుగారూ, నాకేం భయం లేదు. సూదా? దూదా?" అన్నాడు.

"మీ దవడలో ఏమీ లేదండీ."

"మరి రాత్రిళ్ళు ఎందుకు అక్కడ టిక్కుటిక్కుమంటుంది?"

డాక్టరు చూశాడు. బట్టతలాయనకి ఆరో పన్ను నోట్లోనే ఉంది. ఆ మాట చెబితే ఆయన సంతోషించలేదు. "అయితే నేను ఏ వరుస?" అని నిలదీశాడు.

ఆయన వెనకాలే ఒక మామ్మగారు. బోసి నోరు తెరిచి చూపించి, "నాకు ఆరోదీ లేదు, ఏడోదీ లేదు, అసలేవీ లేవు. నేను ఎన్ని వరుసలు తప్పించుకోవచ్చు బాబూ?" అంది. డాక్టరు ఆవిణ్ణి చీటీల పిన్నికి అప్పగించాడు.

తొమ్మిదిన్నరకి ఉచితంగా చూపించుకోవడానికి న్యాయంగా వచ్చిన యాభైమందికి అసలు కోపం వచ్చింది. పొద్దున ఏడింటినుంచి నిలబడిన తాము ఇక్కడే ఉంటే, నోట్లో ఖాళీ ఉన్న ప్రతివాడూ లోపలికి పోతున్నాడు. వాళ్ళలో ఒక లారీ డ్రైవరు వరుస దాటి లోపలికొచ్చి, జూనియరు డాక్టరమ్మ ముందు కూర్చుని, "ఆరోది ఇప్పుడు పీకెయ్యండమ్మా. ఆ వరుసలోకి పోతాను. ఒంటిగంటకి నా బండి ఎక్కాలి" అన్నాడు. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి ఇంకా నెల కాలేదు. పట్టుకారు దాచేసి డాక్టరు గదిలోకి పరుగెత్తుకొచ్చింది.

ఈలోగా చీటీలు అయిపోయాయి. చీటీల పిన్ని చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. మిగిలిపోయిన కరపత్రాల కట్ట తీసి, కత్తెరతో ఒక్కోదాన్ని అడ్డంగా నాలుగు ముక్కలు చేసి, వెనక నంబర్లు వేసి పంచిపెట్టింది. ముందువైపు ఏముందో ఆవిడ చూడలేదు. ప్రెస్సాయన చలవ వల్ల ప్రతి నాలుగో ముక్క మీదా పెద్ద అక్షరాలతో, డబ్బాలో, ఆరో పన్ను సంగతి మొదలు "వారు వరుసలో నిలబడనక్కర్లేదు" దాకా అంతా అచ్చయి ఉంది. ఆస్పత్రివాళ్ళే చేతికిచ్చిన కాగితం. పావుగంటలో ప్రతి నాలుగో మనిషీ దాన్ని గాల్లో ఊపుకుంటూ గుమ్మం మీద పడ్డాడు.

డాక్టరు మెట్ల మీదకి వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. "బాబూ, అమ్మా, వినండి. ఆ వాక్యం మీ కోసం వేసింది కాదు."

"మరెవరి కోసం?" అని రోడ్డు రోడ్డంతా అడిగింది.

నా తమ్ముడి కోసం, వాడు నాతో మాట్లాడి ఎనిమిదేళ్ళయింది, వాణ్ణి చూడాలని ఉంది అని నడివీధిలో నూటయాభైమందికి ఎలా చెబుతాడు? "ఒక మనిషి కోసం" అని గొణిగాడు.

అంతే. ఎవరో పెద్దమనిషిని దొడ్డిదారిన తీసుకొస్తున్నారని నిమిషంలో తేలిపోయింది. మామ్మగారి నాయకత్వంలో నలుగురు ఆడవాళ్ళు స్టూళ్ళు పట్టుకుని వెనక్కి వెళ్ళి, వెనక గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. తమ్ముడు ఎవరి కంటా పడకుండా రావాలని డాక్టరు ఏ గుమ్మం గడియ తీసి ఉంచాడో, అదే గుమ్మానికి.

"ఇక వాడు రాడు" అనుకున్నాడు డాక్టరు. అనుకుని, తరువాతి నోట్లో అద్దం పెట్టాడు. మరేం చేస్తాడు?

వరుస కబుర్లు చీటీల పిన్ని ఎప్పటికప్పుడు మోసుకొస్తూనే ఉంది.

"మందుల షాపు దాకా వెళ్ళిందండీ."

"ఊఁ."

"మలుపు తిరిగిందండీ."

"తిరగనీ."

"రెండో వీధిలోకి వెళ్ళింది. నీడ ఉంది కదా అని తోక చివరివాళ్ళు ఒకరి ఇంటి మెట్ల మీద కూర్చున్నారట. ఇంటాయనని మంచినీళ్ళు కూడా అడిగారట." అని ఆగింది. "ఆ ఇల్లు మీ తమ్ముడుగారిదండీ."

డాక్టరు అద్దం ట్రేలో పెట్టేశాడు. ఆదివారం మధ్యాహ్నం తన ఇంటి మెట్ల మీద అన్నగారి రోగులు, అదీ వంకర వరుసలో. ఎనిమిదేళ్ళ కోపం మెల్లగా చల్లారుతుందేమో అన్న ఆశ ఏదైనా ఉంటే అదీ పోయినట్టే. భార్య అన్నం తెచ్చి పెడితే మూత పెట్టి పక్కకి జరిపాడు. ఫ్లాస్కు, రెండు గ్లాసులు పొద్దుటినుంచీ బల్ల మీద అలాగే ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు రోగులు వాటి పక్కన కూర్చుని వెళ్ళారు గాని ముట్టుకోలేదు.

ఒంటిగంట కొట్టి పది నిమిషాలైంది. వెనక గుమ్మం కాపలా ఇంకొకరికి అప్పగించి వచ్చిన మామ్మగారు కుర్చీలో కూర్చుని ఉంది. డాక్టరు ఆవిడ చిగుళ్ళు తడిమి చూస్తున్నాడు. బయట కేకలు మిన్నుముడుతున్నాయి. అప్పుడు వినిపించింది విజిలు.

రెండు పొట్టివి, ఒకటి పొడుగుది. డాక్టరు చెయ్యి మామ్మగారి నోట్లోనే ఆగిపోయింది. చిన్నప్పుడు ఇంట్లో కుర్చీలన్నీ వరుసగా వేసి తమ్ముడు బస్సాట ఆడేవాడు. డ్రైవరు వాడే, కండక్టరు వాడే. అన్న ఎప్పుడూ ఒక్కగానొక్క ప్రయాణికుడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది వేస్తే బస్సు కదిలినట్టు. ఆ ఈల విని ఎన్నాళ్ళయిందో లెక్కవేయబోయి, లెక్క కుదరక, డాక్టరుకి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఉహుహు" అంది మామ్మగారు, నోట్లో చెయ్యి తియ్యమని.

డాక్టరు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తమ్ముడు నడిరోడ్డు మీద ఉన్నాడు. ఇంటి బట్టలు, మెళ్ళో దారానికి విజిలు, చేతిలో సుద్దముక్క. జుట్టు బాగా నెరిసింది. కాస్త చిక్కాడు. రోడ్డు మీద సుద్దతో ఒకటే గీత గీసుకుంటూ వస్తున్నాడు, జనం నోరెత్తకుండా దాని మీదకి వచ్చి నిలబడుతున్నారు. లారీ డ్రైవరు ఏదో వాదించబోతే తమ్ముడు చేతి గడియారం చూపించాడు. ఏం చెప్పాడో గాని, డ్రైవరు వెళ్ళి తన చోట్లో నిలబడ్డాడు.

"ఈ కాగితాలేంటి?" అని బట్టతలాయన చేతిలోని ముక్క లాక్కున్నాడు తమ్ముడు. చదివాడు. మళ్ళీ చదివాడు. విజిలు వేళ్ళలోంచి జారి దారానికి వేలాడింది. తలెత్తి ఆస్పత్రి కిటికీ వైపు చూశాడు. అన్నదమ్ముల చూపులు కలిశాయి. డాక్టరు చెయ్యి ఎత్తుదామా వద్దా అని తేల్చుకునేలోగా తమ్ముడు మొహం తిప్పేసుకున్నాడు.

"ఈ కాగితం ఎవరికీ చెల్లదు" అని అరిచాడు. "ఆరో పన్నైనా అరవయ్యో పన్నైనా, వరుసంటే వరుసే." ఆ ముక్క జేబులో కుక్కుకుని వరుస వెంబడే మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

డాక్టరు తన కుర్చీలో కూలబడ్డాడు. ఆ కాగితం తన కోసమే అని వాడికి అర్థమైంది, చెల్లదన్నాడు. ఇక అనుకోవడానికేముంది? గుండెలో ఎక్కడో పీకేసినట్టుగా ఉంది, మత్తు సూది లేకుండా. అయినా వరుస ఉంది. తమ్ముడు గీసిన గీత మీద ఒక్కొక్కరే, తోసుకోకుండా వస్తున్నారు. ఎనభైమూడు. తొంభై. నూట పన్నెండు. డాక్టరమ్మ సగం చూస్తోంది, ఆయన సగం చూస్తున్నాడు. "నోరు తెరవండి, మూయండి, తీపి తగ్గించండి" అని నోరు పలుకుతోంది. మధ్య మధ్య కిటికీలోంచి చూశాడు. తమ్ముడు కనిపించలేదు. తమ్ముడు ఇంటికెళ్ళిపోయి తలుపేసుకుని ఉంటాడని తనకి తానే చెప్పుకున్నాడు, ఐదు నిమిషాలకోసారి.

అయిదింటికి డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి వెళ్ళిపోయింది. డాక్టరు కూడా లేవబోతుంటే చీటీల పిన్ని తలుపు దగ్గర నిలబడి, "ఇంకొక్కటి ఉందండీ. నూట అరవై ఏడు" అంది. ఆవిడ గొంతు అదోలా ఉంది.

నూట అరవై ఏడు లోపలికి వచ్చింది. చేతిలో చీటీ. అంకెలు గుండ్రంగా, బస్సుల పట్టీలో రాసినట్టు రాసి ఉన్నాయి. సొంతంగా రాసుకున్నాడు. వరుసని సర్దినవాడు వరుస చివరన నిలబడ్డాడు.

డాక్టరు దుమ్ము లేకపోయినా రోగుల కుర్చీ తుడిచాడు. తుడుస్తూనే, "వరుసలో నిలబడనక్కర్లేదని వేశాను కదరా" అన్నాడు.

"వేశావు. మనవాడని ముందు పంపించేస్తే ఇక వరుసెందుకు?" అన్నాడు తమ్ముడు. చీటీ పిన్ని చేతికిచ్చి, అడక్కుండానే కుర్చీలోకి ఎక్కి, తల వెనక్కి వాల్చాడు. "నాలుగు గంటలు నిలబడ్డానన్నయ్యా. కాళ్ళు పీకుతున్నాయి. చూడు."

అన్నయ్యా అన్న మాట విన్నాక డాక్టరు దీపం సరిచేసే నెపంతో కాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత అద్దం తీసుకుని వంగి చూశాడు. ఎడమ కింద ఆరో పన్ను జాగా ఖాళీగా ఉంది, తాను పీకిందే. దాని పక్కన, ఏడోది, ఎనిమిదేళ్ళ కిందటి పుచ్చు పన్ను. పీకించుకోలేదు. అరిగి విరిగి వేరు మొద్దు మిగిలింది. చుట్టూ చిగురు ఉబ్బి ఉంది. కుడివైపు పళ్ళన్నీ నున్నగా అరిగిపోయి ఉన్నాయి, ఒక్కవైపే నమిలి నమిలి.

"ఇది ఇంకా ఇలాగే ఉందేంట్రా? ఎవరికీ చూపించుకోలేదా?"

"నా నోట్లో ఇంకెవరో చెయ్యి పెట్టడమేంటి?"

"ఎనిమిదేళ్ళా?"

"పదిహేను రోజుల్లో పిలుస్తావనుకున్నాను" అన్నాడు తమ్ముడు, పైకప్పు చూస్తూ. "నెప్పి కూడా మొదటి రెండేళ్ళే. తర్వాత అలవాటైపోయింది."

డాక్టరు పంటి బిగువున ఏడుపు ఆపుకుని సొరుగు లాగాడు. సీసా తీసి తమ్ముడి కళ్ళ ముందు పెట్టాడు. తమ్ముడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు, చీటీ మీద తారీకు చదివాడు.

"మళ్ళీ పెట్టడానికి పనికొస్తుందా?"

"రాదు."

"మరెందుకు దాచావు?"

"నీది కదరా" అన్నాడు డాక్టరు.

తమ్ముడు సీసాని జేబులో, కరపత్రం ముక్క పక్కన పెట్టుకున్నాడు. బయట వెనక గుమ్మం దగ్గర మామ్మగారి దళం, ఆ పెద్దమనిషెవరో తేలేదాకా కదిలేది లేదని ఇంకా కూర్చునే ఉంది. చీటీల పిన్ని వెళ్ళి, ఆయన ముందు గుమ్మంలోంచే వచ్చాడని, నూట అరవై ఏడో నంబరని చెప్పినా వాళ్ళు నమ్మలేదు.

"సరే, ఏ పన్నో చూద్దాం" అని డాక్టరు చేతులు కడుక్కుని వచ్చాడు.

"ఇదిగో, ఇదే" అంటూ తమ్ముడు అలవాటుగా వేలెత్తాడు. డాక్టరు బల్ల దగ్గరికి వెళ్ళి, పొద్దుటి కాఫీ రెండో గ్లాసులో వంచి తెచ్చి, ఎత్తిన ఆ చేతికిచ్చి గట్టిగా పట్టుకోమని, ముందు ఎక్స్‌రే తీశాడు.